ఎవరి తాలూకా? విదేశీ పాస్‌పోర్టుతో ఉత్తరాంధ్రలో కాపురం

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటో దిగి, బలగ వైపో అరసవల్లి వైపో అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళిన మనిషిని గేటు దగ్గర మొదట అడిగేది అద్దె గురించి కాదు. లోపల్నించి పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వస్తుంది. "ఏవూరు బాబూ?" అంటుంది. ఊరు చెప్పాక ఒక్క క్షణం ఆగి, "ఎవరి తాలూకా?" అంటుంది. మేడ మీద వాటా ఖాళీగానే ఉంటుంది. టులెట్ బోర్డు గేటుకే వేలాడుతుంటుంది. అయినా ఆ రెండో ప్రశ్నకి తనకి తెలిసిన పేరొకటి వినబడ్డాకే ఆవిడ తాళంచెవి తెస్తుంది.

ఇక్కడ తాలూకా అంటే రెవెన్యూ విభాగం కాదు. నువ్వు ఎవరి మనిషివి, ఎవరికి ఏమవుతావు, రేపేదైనా తేడా వస్తే ఎవరినడగాలి అని అర్థం. విజయనగరంలోనూ ఇదే మాట, ఇదే అర్థం. విదేశీ పాస్‌పోర్టుతో ఈ రెండు ఊళ్ళలో దేనిలోనైనా కాపురం పెట్టాలనుకునేవాళ్ళని ఇద్దరు ప్రశ్నిస్తారు. పాస్‌పోర్టు ఏ దేశానిదని ప్రభుత్వం అడుగుతుంది, ఎవరి తాలూకా అని వీధి అడుగుతుంది. చిన్న ఊళ్ళో బతుకు చవక అన్నమాట నిజమే. కానీ ఆ చవక పూర్తిగా అందేది వీధి ప్రశ్నకి జవాబున్నవాళ్ళకే. నెల ఖర్చుల లెక్కలు ఎన్ని వేసినా ఈ సంగతి వాటిలో కనబడదు.

ఒకే మనిషి విషయంలో కూడా ఈ రెండు ప్రశ్నలకీ జవాబులు కలవకపోవచ్చు. నరసన్నపేటలో పుట్టి, ముప్పై ఏళ్ళు అమెరికాలో ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకున్న ఇంజనీరు చట్టం లెక్కలో విదేశీయుడు. వీధి లెక్కలో ఫలానా మాస్టారి రెండో అబ్బాయి. ఆయన భార్య అక్కడి ఆవిడే అయితే, వచ్చిన వారానికే ఆవిడ కూడా "మాస్టారి కోడలు" అయిపోతుంది. జర్మనీ నుంచో ఇంగ్లండు నుంచో ఒంటరిగా వచ్చిన పెన్షనరు రెండు లెక్కల్లోనూ బయటివాడే. ఈ ఊళ్ళకి స్థిరపడటానికి వచ్చే విదేశీయులు అనగానే మనకి తెల్లవాళ్ళే గుర్తొస్తారు గానీ, ముందుగా ఆలోచించాల్సింది ఇంటికి తిరిగొస్తున్న మనవాళ్ళ గురించే.

ఈ జిల్లాలకి వలస అంటే వెళ్ళడమే అలవాటు. తాతల కాలంలో రంగం వెళ్ళారు. రంగూన్‌ని ఇక్కడ అలాగే పిలిచేవారు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కి బర్మా బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఎందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక ఇంకో విడత వచ్చారు. ఆ తర్వాత చెన్నై, హైదరాబాద్ భవన నిర్మాణాలు, గల్ఫ్. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అయినా చేపలవేట బోట్లకి సరైన హార్బరు లేక, మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి జీతానికి బోట్లెక్కుతున్నారు. అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో సరిహద్దు జలాల్లో పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇళ్ళకి చేరారు. పరాయి దేశంలో తాలూకా లేకుండా ఉండటం ఎలా ఉంటుందో ఇక్కడి కుటుంబాలకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఊరు చవకగా ఉండటానికి కారణం కూడా ఈ వలసే. పనిచేసే వయసువాళ్ళు బయట ఉన్నారు. రెండంతస్తులు కట్టుకున్న ఉద్యోగస్తుల పిల్లలు విశాఖలోనో బెంగళూరులోనో ఉన్నారు, పై వాటాలు ఖాళీగా ఉన్నాయి. విజయనగరానికి ఒకప్పుడు బతుకునిచ్చిన జూట్ మిల్లులు లాకౌట్లతో చితికిపోయాక కూలి రేట్లు పెరగలేదు. దీనికి తోడు తిండి దగ్గర్లోనే పండుతుంది. తెల్లారేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆకుకూరలు, వంకాయలు, పనసపొట్టు గంపల్లో వచ్చేస్తాయి. చేపలు తీరం నుంచి గంటా రెండు గంటల్లో బజారుకి చేరతాయి. లారీ కిరాయి కలవదు కాబట్టి ధర తక్కువ. మొదటి కారణం, అంటే తక్కువ కూలి, ఊరికి సుగుణం కాదు. పనిమనిషి జీతం తక్కువ, ఆటో చవక అని సంతోషించే ముందు ఆ తక్కువలో ఎవరి ఇల్లు గడుస్తోందో ఆలోచించాలి. డాలర్లలోనో యూరోల్లోనో రాబడి ఉన్నవాళ్ళు ఇక్కడి రేటు కన్నా కాస్త ఎక్కువిస్తే వాళ్ళకి పోయేదేమీ లేదు, తీసుకునేవాళ్ళకి మాత్రం పిల్లాడి ఫీజు గట్టెక్కుతుంది.

అయితే అన్నీ చవక కాదు. అద్దె, కూరలు, పాలు, టిఫిను, దర్జీ, సైకిలు రిపేరు ఇవన్నీ చవకే. చల్లని దేశం నుంచి వచ్చినవాళ్ళకి మే నెలలో ఏసీ లేకుండా నిద్ర పట్టదు, కరెంటు బిల్లు అక్కడే మొదలవుతుంది. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు స్లాబుల్లో నడుస్తుంది. 2022లో అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలైతే, 400 దాటాక యూనిట్ 9.75. సర్దుబాటు చార్జీలు వాటికి అదనం. అంటే ఫ్యాను కింద బతికే ఇంటికి కరెంటు చవక, ఏసీ కింద బతికే ఇంటికి కాదు. చోడి (రాగి) అంబలి, చేపల పులుసు తినేవాళ్ళకి ఊరు చవక. చీజు, ఆలివ్ నూనె కావాలంటే విశాఖ వెళ్ళి మహానగరం ధరే పెట్టాలి. ఇక్కడి మనిషిలా బతికితేనే ఇక్కడి ధర. బయటి అలవాట్లన్నీ వెంట తెచ్చుకుంటే మిగిలేది ఒక్క అద్దెలోనే.

ఇక ప్రభుత్వం అడిగే ప్రశ్న. వేడి దేశాల్లో చిన్న ఊళ్ళకి విదేశీ పెన్షనర్లు చేరుతున్న చోట్ల అక్కడి ప్రభుత్వాలు వాళ్ళని కావాలని పిలిచాయి. కోస్టారికాలో, పనామాలో నెలకి 1,000 డాలర్ల జీవితకాల పెన్షన్ చూపిస్తే నివాస హక్కుకి దరఖాస్తు చేసుకోవచ్చు. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్ళు దాటినవాళ్ళు 8 లక్షల బాత్ బ్యాంకులో చూపించి ఏడాది చొప్పున ఉండొచ్చు. మన దేశంలో అలాంటి రిటైర్మెంట్ వీసా లేదు. ల్యాప్‌టాప్‌తో బయటి దేశం కంపెనీకి పనిచేసుకునేవాళ్ళ కోసం పెట్టిన ప్రత్యేక వీసా కూడా లేదు. ఊరు ఎంత చవకైనా, చల్లగా చూసుకున్నా, భారతీయ మూలాలు లేని పెన్షనరుకి ఇక్కడ పూర్తికాలం ఉండే నేరు దారి లేదు. ఇల్లు చూసుకోవడం కన్నా ముందు తెలుసుకోవాల్సిన విషయం ఇది.

ఉన్న దారులు కొన్నే. ఈ-టూరిస్ట్ వీసా ఐదేళ్ళకి కూడా ఇస్తారు. కానీ ఒక క్యాలెండర్ ఏడాదిలో మొత్తం మీద 180 రోజులకి మించి ఉండకూడదు. చాలా దేశాలవాళ్ళకి ఒకసారి వస్తే వరసగా 90 రోజులే. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఉద్యోగ వీసా కావాలంటే జీతం ఏడాదికి కనీసం 16.25 లక్షల రూపాయలుండాలి. కొద్ది వృత్తులకే మినహాయింపుంది. విజయనగరంలో ఏ ప్రైవేటు స్కూలూ ఇంగ్లిష్ టీచరుకి అంత జీతం ఇవ్వలేదు. ఊరు చవకగా ఉన్నందువల్లే ఉద్యోగ వీసాకి దారి మూసుకుపోయింది. చదువు కోసం అయితే విద్యార్థి వీసా ఉంది, దాని సంగతి తర్వాత.

మన మూలాలున్నవాళ్ళకి మాత్రం ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. 2005లో మొదలైన ఈ ఏర్పాటులోకి 2015లో భారత సంతతివాళ్ళకిచ్చే పాత పీఐఓ కార్డుని కూడా కలిపేశారు. ఓసీఐ ఉంటే జీవితాంతం వచ్చి పోవచ్చు, ఎన్నేళ్ళయినా ఉండొచ్చు, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. విదేశీ జీవిత భాగస్వామికి పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండాక అర్హత వస్తుంది. ఓటు ఉండదు, ప్రభుత్వోద్యోగం ఉండదు. ఇల్లు కొనుక్కోవచ్చు, షాపు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫాంహౌస్ కొనకూడదు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోటల సీమ ఉద్దానంలో ఎకరం తోట కొనుక్కుని మధ్యలో చిన్న ఇల్లు కట్టుకుందామని వచ్చే అమెరికా అబ్బాయిలు ఆగిపోయేది ఇక్కడే. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడానికే వీల్లేదు. "మనూళ్ళో మన భూమి కొనుక్కోడానికి ఏటడ్డం?" అని పెద్దవాళ్ళు ఆశ్చర్యపోతారు. అడ్డం ఊరు కాదు, పాస్‌పోర్టు.

ఏ మూలాలూ లేని విదేశీయుడు టూరిస్ట్ వీసా మీద వచ్చి స్థిరాస్తి కొనడం అసలు కుదరదు. ఐదేళ్ళు మించని లీజు తీసుకోవచ్చు. కొండలు చూసి ఆశపడేవాళ్ళు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. సీతంపేట లాంటి గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులు కానివాళ్ళెవరూ భూమి కొనకూడదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో ఒకటో నంబరు నిబంధనతో గట్టి చేశారు, అందుకే దాన్ని అందరూ వన్ ఆఫ్ సెవంటీ అంటారు. శ్రీకాకుళం పట్నంలో పుట్టి పెరిగినవాడికే లేని హక్కు విదేశం నుంచి వచ్చినవాడికి ఎక్కడినుంచి వస్తుంది? గిరిజన స్నేహితుడి పేరు మీద కొనిపెడతాం అని ఎవరైనా బ్రోకరు అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది. అది చట్టవిరుద్ధం, పైగా ఒక గిరిజన కుటుంబానికి తీరని అన్యాయం.

అద్దెకిచ్చే ఇంటివాళ్ళకీ బాధ్యతలున్నాయి. మన ఊళ్ళలో చాలామందికి అవి తెలియవు. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఆ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు విభాగానికి పంపాలి. ఇన్నాళ్ళూ ఫారం-సి అని పిలిచింది దీన్నే. హోటళ్ళకే కాదు, మేడ మీద వాటా అద్దెకిచ్చిన రిటైర్డ్ మాస్టారికి కూడా ఇది వర్తిస్తుంది. 180 రోజులు దాటే వీసా మీద వచ్చినవాళ్ళు దిగిన 14 రోజుల్లో తాము కూడా నమోదు చేయించుకోవాలి. 2018 నుంచి ఈ పనులు చాలావరకు ఆ విభాగం ఆన్‌లైన్ పోర్టల్ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలోనే అవుతున్నాయి, జిల్లాలో ఎస్పీ కార్యాలయం చూస్తుంది. 1946 నాటి విదేశీయుల చట్టం సహా నాలుగు పాత చట్టాల స్థానంలో వచ్చిన 2025 చట్టం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అద్దె అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాసుకుంటారు. విదేశీయుడి విషయంలో మాత్రం నోటిమాట మీద ఇల్లివ్వడం ఇద్దరికీ ప్రమాదమే. అడ్రసు రుజువు లేకపోతే అతనికి సిమ్ రావడం కష్టం, బ్యాంకు ఖాతా కష్టం, గ్యాస్ కష్టం. ఇంటాయనకేమో పోలీసు కబురు వచ్చేదాకా టెన్షనే. భయపడి ఇల్లివ్వడం మానేయక్కర్లేదు. ఆ ఫారం నింపడానికి పట్టే సమయం ఎక్కువేం కాదు.

డబ్బు సంగతుల్లో రెండే ముఖ్యమైనవి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఉన్నవాళ్ళు పన్ను లెక్కలో ఇక్కడి నివాసి అవుతారు. ఏళ్ళ తరబడి బయటే ఉండి వచ్చినవాళ్ళకి మొదట్లో విదేశీ రాబడి మీద కొంత వెసులుబాటుంటుంది, అది శాశ్వతం కాదు. రెండోది పెన్షన్. అమెరికా సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఇక్కడికి వస్తుంది, కానీ అక్కడి పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా మెడికేర్ దేశం బయట వైద్యానికి మామూలుగా పైసా ఇవ్వదు. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఇండియాలో ఉండేవాళ్ళకి ఏటా పెరగదు, మొదలైన మొత్తం దగ్గరే ఆగిపోతుంది. ఇవాళ దర్జాగా అనిపించే పెన్షన్ పదిహేనేళ్ళ తర్వాతా అంతే ఉంటుంది, ఊరి ధరలు మాత్రం అక్కడ ఆగవు.

అసలు బరువైన ప్రశ్న ఆరోగ్యం. రెండు ఊళ్ళలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, విజయనగరంలోది 2023లో మొదలైంది. ప్రైవేటు నర్సింగ్ హోములు వీధికొకటి ఉన్నాయి. జ్వరం, బీపీ, షుగరు, చేయి విరగడం లాంటివాటికి ఊళ్ళోనే మంచి వైద్యం తక్కువ ఖర్చుతో దొరుకుతుంది, డాక్టరు అదే సాయంత్రం చూస్తాడు. గుండె, మెదడు దగ్గరికి వచ్చేసరికి అందరూ అనే మాట ఒకటే: "విశాఖ తీసుకెళ్ళిపోండి." విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి దాదాపు 110. పలాస అవతల ఇంకా దూరం. ఇచ్ఛాపురం వాళ్ళకైతే విశాఖ కన్నా ఒడిశాలోని బరంపురమే దగ్గర. అరవై ఐదేళ్ళ వయసులో స్టెంటు వేయించుకున్న మనిషి ఊరు ఎంచుకునేటప్పుడు అద్దెల తేడా కన్నా ఈ కిలోమీటర్ల తేడా ఎక్కువ చూడాలి. భార్యాభర్తల్లో ఎవరికైనా గుండె జబ్బుంటే శ్రీకాకుళం కన్నా విజయనగరం మేలు. భోగాపురంలో 2023 మేలో శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం కూడా విజయనగరం వైపే ఉంది.

ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు దారుల్లో వెళ్తుంటే కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడ తప్ప ఇంకేమీ కనబడదు. బయటినుంచి వచ్చిన కంటికి ఇంతకన్నా అందమైన చోటు ఈ తీరంలో లేదు. కిడ్నీ జబ్బు తరాలుగా కుటుంబాలకి కుటుంబాల్ని తినేస్తున్న చోటూ ఇదే. నీరా, నేలా, ఎండలో చాకిరీయా అని ఎన్నో కారణాలు వెతికారు, ఇదీ అని ఒకటి తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో తాగునీళ్ళు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. తోట మధ్యలో పాత పెంకుటిల్లు చవకగా దొరికిందని సంబరపడే ముందు అక్కడి నేలబావి నీళ్ళు తాగే పనేనా, పైపు నీళ్ళు ఇంటిదాకా వస్తాయా అని అడగాలి. అడిగితే పక్కింటివాళ్ళు తమ ఇంట్లో ఎవరు డయాలసిస్‌కి వెళ్తున్నారో చెబుతారు. ఆ కబురు తప్పకుండా వినాలి.

తుపానుల లెక్క ఇంకొకటి. పైలిన్ తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాసకి దగ్గర్లో తీరం దాటింది 2018 అక్టోబరు 11న. తిత్లీ దెబ్బకి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి వేర్లతో సహా పడిపోయాయి. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళు కుటుంబాలు ఏం తిని బతికాయో వాళ్ళనే అడగాలి. తిత్లీ తర్వాత కరెంటు లేని రోజుల్లో ఊళ్ళలో మోటార్లు తిరగలేదు, ట్యాంకులకి నీళ్ళెక్కలేదు. ట్రాక్టరు మీద జనరేటరు తెచ్చి, గంటకింత అని తీసుకుని, ఇంటింటి మోటారుకీ తగిలించి ట్యాంకు నింపేవారు. ఆ జనరేటరు వీధి చివరికొచ్చిందని పిల్లాడొకడు పరుగెత్తుకొచ్చి చెబితే తెలిసేది. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో కబురు అందేది తాలూకా ఉన్న ఇంటికే. ఒంటరిగా గేటు వేసుకుని బతికిన ఇంటి దాకా అది రావడానికి సమయం పట్టేది. చవక ఊళ్ళో పరిచయాలకి ఇంత విలువుంది.

మరి ఏ చుట్టరికమూ లేనివాళ్ళకి తాలూకా ఎలా వస్తుంది? ఈ ఊళ్ళ చరిత్రలోనే జవాబుంది. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. అక్కడ సంగీతం నేర్చుకోవాలని కృష్ణా జిల్లా నుంచి ఒక పేద కుర్రాడు వచ్చాడు. ఊళ్ళో ఎవరూ తెలియదు, చేతిలో డబ్బు లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. తిండికి కుర్రాడు జోలె పట్టి మధూకరం చేశాడు. గుమ్మం గుమ్మానా నిలబడితే ఆ ఇళ్ళ తల్లులు అన్నం పెట్టారు. ఆ కుర్రాడే ఘంటసాల వెంకటేశ్వరరావు. ఎవరి తాలూకా అని అడిగిన ఊరికి, శాస్త్రిగారి శిష్యుడన్న జవాబు చాలింది. ఊరికి సంబంధించిన పని ఏదో ఒకటి పట్టుకుంటే, ఆ పనిలోని పెద్దలే నీ తాలూకా అవుతారు. ఆ కళాశాల ఇప్పటికీ ఉంది. సంగీతమో నాట్యమో నేర్చుకోవడానికి సీటు వచ్చి, విద్యార్థి వీసా దొరికిన విదేశీయుడు చట్టం ప్రశ్నకీ వీధి ప్రశ్నకీ ఒకేసారి జవాబు తెచ్చుకున్నట్టే.

పొందూరులో ఇంకో రకంగా ఇదే కనబడుతుంది. అక్కడ ఖద్దరు నేతలో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. సన్నటి పళ్ళున్న ఆ ఎముకతో ఆడవాళ్ళు పత్తిని కొద్దికొద్దిగా దువ్వుతుంటారు. ఫోటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు చాలామందే వస్తారు, వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. నాలుగు రోజులు పక్కన కూర్చుని, ఆ దవడ చేతిలోకి తీసుకుని, చేయి నొప్పెట్టేదాకా దువ్వి చూసినవాళ్ళని మాత్రం మళ్ళీ వస్తే పేరు పెట్టి పలకరిస్తారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కెనడా నుంచి వచ్చి బొబ్బిలి, టెక్కలి, పాలకొండ లాంటి చోట్ల ఏళ్ళ తరబడి ఉన్న బాప్టిస్టు మిషనరీలు కూడా ముందు చేసిన పని తెలుగు నేర్చుకోవడమే.

భాష దగ్గర ఒక చిక్కుంది. పుస్తకంలోనో యాప్‌లోనో తెలుగు నేర్చుకుని వచ్చినవాళ్ళకి ఇక్కడి మాట మొదట అర్థం కాదు. "ఏటి సేత్తన్నారు?" అంటే ఏం చేస్తున్నారని, "బేగి రండి" అంటే త్వరగా రమ్మని, "ఒగ్గేయండి" అంటే వదిలేయమని. ఈ యాసని తప్పు తెలుగుగా చూసే అలవాటు మన తెలుగువాళ్ళలోనే ఉంది, బయటివాళ్ళకి ఆ అలవాటు అంటించకూడదు. చెవికి నాలుగు నెలలు పడుతుంది. "బేగి" అని తిరిగి అనగలిగిన రోజున కూరగాయల బజారులో ధర మారుతుంది, ఇంకో గుప్పెడు కొత్తిమీర సంచిలో పడుతుంది.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పక్షులొచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊరి నమ్మకం. వచ్చిన ఏడు పంటలు బాగుంటాయనీ నమ్మకం. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, రాయి విసరనివ్వరు. ఎక్కడినుంచో వచ్చినదాన్ని ఒకసారి తమదనుకుంటే ఈ ఊళ్ళు ఎలా చూసుకుంటాయో అక్కడికి వెళ్తే తెలుస్తుంది.

ఇంతా చదివాక వచ్చి చూద్దామనుకునేవాళ్ళు సాధారణంగా డిసెంబరు టికెట్ తీసుకుంటారు. అప్పుడు ఎండ మెత్తగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, అరకు దారంతా పూలు. ఆ నెల చూసి అగ్రిమెంటు రాసుకుంటే మిగతా పదకొండు నెలలు అర్థం కావు. టూరిస్ట్ వీసాలో ఉన్న 180 రోజుల్ని రెండు ముక్కలు చేసి, ఒకసారి ఏప్రిల్, మే నెలలకీ, ఇంకోసారి సెప్టెంబరు మధ్య నుంచి నవంబరుకీ వస్తే ఊరు ఉన్నదున్నట్టు కనబడుతుంది. మేలో ఉక్కపోత, కరెంటు కోత, ఏసీ బిల్లు. అక్టోబరులో తుపాను హెచ్చరిక, ట్యాంకు నింపుకోవడం, కొవ్వొత్తులు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు మూడు లాంతర్ల జంక్షన్ నుంచి కోట దాకా ప్రతి మేడ మీదా చుట్టాలే, ఆడపడుచులు, అల్లుళ్ళు, బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చిన పిల్లలు. సిరిమాను అనే పొడవాటి చెట్టుమాను మీద పూజారి ఊగుతూ వెళ్తుంటే కింద రోడ్డు మీద కాలు పెట్టే సందుండదు. ఆ జనంలో నిలబడి ఉండగా పై నుంచి ఎవరైనా పేరు పెట్టి కేకేసి, "అక్కడేటి, పైకి రండి, ఇక్కణ్ణుంచి బాగా కనబడుద్ది" అన్నారనుకోండి. మర్నాడు ఆ ఇంటివాళ్ళనే అద్దె ఇల్లు చూసిపెట్టమని అడగొచ్చు.